ఢిల్లీ – శాంటియాగో: నలభై ఒక్క నిమిషాలు

ఢిల్లీ నుంచి చిలీ దేశపు రాజధాని శాంటియాగోకి పదహారువేల తొమ్మిది వందల కిలోమీటర్లు. పాత విమానాల్లో అయితే రెండు చోట్ల దిగి, మారి, కాళ్ళు వాచి, మెడ పట్టేసి చేరేసరికి ఒకటిన్నర రోజు పట్టేది. మడత విమానంలో నలభై ఒక్క నిమిషాలు. సాయంత్రం ఆరింటికి ఢిల్లీలో ఎక్కినవాళ్ళు అక్కడి గడియారం ప్రకారం అదే రోజు పొద్దున పది దాటాక శాంటియాగోలో దిగుతారు. ‘ఒకే రోజులో మీకు రెండు ఉదయాలు’ అని ప్రకటనలు కూడా వేశారు. ఆ ప్రకటన రాసినవాణ్ణి తిట్టి లాభం లేదు, వాడికి తెలియదు. తెలియాల్సింది డాక్టర్ అలివేలుకు.

అలివేలు ఆ విమానాన్ని తయారుచేసిన పరిశోధనాలయంలో వైద్యురాలు. చిత్తూరు జిల్లా మనిషి. ఉద్యోగంలో చేరిన రోజు ఒక ఇంజనీరు ఆవిడకు సంగతి బోధపరచాలని బల్లమీది తువ్వాలు అందుకున్నాడు. ఈ అంచు ఢిల్లీ, ఆ అంచు శాంటియాగో అన్నాడు. తువ్వాలు మడిచి రెండంచులూ కలిపాడు. “ఇంతేనండీ, మిగతాదంతా కరెంటు ఖర్చు” అని నవ్వాడు. విమానం మామూలుగానే లేస్తుంది, ఇరవై నిమిషాలు మామూలుగానే పైకి పోతుంది. తర్వాత ఒక్క రెప్పపాటు మడత. మళ్ళీ ఇరవై నిమిషాలు దిగడం. ఆ రెప్పపాటులో మనిషికి ఏమవుతుందో చూడటం అలివేలు పని.

దానికి ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. ప్రయోగానికి ఎక్కబోయే మనిషిని మూడు రోజుల ముందు నుంచీ ఒక గదిలో ఉంచుతారు. పొద్దున ఆరింటికి లేవడం, రెండు ఇడ్లీలు, రక్తపరీక్ష, గంటసేపు నడక, మధ్యాహ్నం పప్పూ అన్నం, మూడో రోజు సాయంత్రం వాంతి రాకుండా ఒక మాత్ర, విమానం. మూడు రోజులూ అదే వరస, ఉత్తరం రాదు, ఫోన్ ఉండదు, చుట్టాలు రారు. మనిషి రోజు ఏ మార్పూ లేకుండా గడిస్తే, విమానం తెచ్చిన మార్పు ఇట్టే పట్టుబడుతుందని ఆవిడ ఆలోచన. ఆ గదికి కుర్ర ఇంజనీర్లు పెట్టిన పేరు ‘అలివేలమ్మ జైలు’.

విమానం దిగీ దిగగానే ఆవిడే వీడియోలో అడిగే మొదటి ప్రశ్న, “బయలుదేరిన రోజు పొద్దుటి నుంచి ఏమేం చేశారు?” ముప్ఫై ఒక్క మంది ఒకటే జవాబు చెప్పారు: ఇడ్లీ, రక్తం, నడక, పప్పు. పొల్లు పోలేదు. విమానం ఎక్కిన ఘట్టం మాత్రం కాస్త మసకగా ఉందని అందరూ అన్నారు. మాత్ర మత్తు, అని ఆవిడ ముప్ఫై ఒక్క కాగితాల మీదా రాసింది. అందరికీ ఒకే జవాబు వస్తే పరీక్ష నెగ్గినట్టా, ప్రశ్నే పనికిమాలినదా అని ఆవిడకు అనుమానం రాలేదు. తెలివైనవాళ్ళ తప్పులు ఇలాగే ఉంటాయి, చూడటానికి ఎంతో శుభ్రంగా.

ముప్ఫై రెండోవాడు మునిరత్నం. ఆ విమానం ఇంజనీర్లలో ఒకడు, అలివేలు భర్త. ఖాట్మండుతో మొదలుపెట్టి, ఢాకా, టోక్యో అంటూ పెంచుకుంటూ పోయిన దూరానికి అతనిదే ఆఖరి ప్రయోగం. అతను క్షేమంగా దిగితే ఆవిడ సంతకం పెడుతుంది, ఆవిడ సంతకం పెడితే జనం ఎక్కుతారు.

డిసెంబరులో ఒక సాయంత్రం శాంటియాగో నుంచి తెర మీద మునిరత్నం మొహం కనబడింది. కొంచెం నిద్రమొహం, అంతే.

“బయలుదేరిన రోజు పొద్దుటి నుంచి ఏమేం చేశారు?” అని ఆవిడ పద్ధతి ప్రకారం గౌరవంగా అడిగింది.

“ఆరింటికి లేచినా. ఇడ్లీ తిన్యా. రక్తం ఇచ్చినా. గంటసేపు నడిచినా. మద్యాన్నం పప్పన్నం.”

“ఇంకేమీ లేదా?”

“ఇంకేముంటాది డాక్టరమ్మా, నీ జైల్లో?”

గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. అలివేలూ నవ్వింది. అబద్ధం ఎంత తడుముకోకుండా ఆడాడు, నా పరువు కాపాడాడు, అనుకుంది. ఎందుకంటే ఆ పొద్దున అతను నడవలేదు. ఆ గంటా, దాని తర్వాత ఇంకో రెండు గంటలూ మొగుడూ పెళ్ళాలిద్దరూ యమున ఒడ్డున ఉన్నారు. తను పెట్టిన నియమాన్ని తనే తప్పింది అలివేలు.

తప్పడానికి కారణం ఉంది. ఆ పొద్దున అద్దం అవతలి నుంచి మునిరత్నం, “నన్ను ఒక్కసారి బయటికి తీసకపోతావా? ఈడ గాలాడలేదు” అన్నాడు. పదకొండేళ్ళలో అతను ఆవిడను అడిగిన మొదటి కోరిక అది. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే వండేవాడు. పండక్కి ఏం కావాలంటే నీ ఇష్టం అనేవాడు. అలాంటి మనిషి అడిగితే తాళం తియ్యకుండా ఎలా ఉంటుంది?

పదకొండేళ్ళ కిందట వాళ్ళకు చామంతి అని ఆరేళ్ళ కూతురుండేది. అప్పట్లో అలివేలు మదనపల్లెలో ఆసుపత్రి డ్యూటీలు చేసేది. పాపకు జ్వరమని మునిరత్నం ఫోన్ చేస్తే, ఉత్త జ్వరంలాగే ఉంది, మాత్ర వేసి నీళ్ళు తాగిస్తూ ఉండు, వాంతి అయితే మాత్రం ఆ నిమిషమే నాకు ఫోన్ చెయ్యి, అంది. ఫోన్ రాలేదు. తెల్లారి ఇంటికి వచ్చేసరికి పాప కాళ్ళూ చేతులూ చల్లబడి ఉన్నాయి. డెంగీ. “వాంతి అయిందా?” అని అడిగితే “లేదు” అన్నాడు. అయితే తప్పంతా తనదే, ఫోన్లో వినవలసిన జబ్బును వినలేకపోయింది, అనుకుంది అలివేలు. ఆ తర్వాత మళ్ళీ రోగి మంచం దగ్గరికి పోలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు పరీక్షలు చేసే ఉద్యోగం వెతుక్కుని ఢిల్లీ వచ్చింది. ఏమీ జరగని రోజులంటే ఆవిడకు అంత ప్రీతి ఎందుకో ఆ కుర్ర ఇంజనీర్లకు ఏం తెలుసు.

యమున మీద చలికాలం తెల్లటి పక్షులు దిగుతాయి. ఎక్కడో సైబీరియా నుంచి వారాల తరబడి ఎగిరి వస్తాయి. ఆ పొద్దున మునిరత్నం ఒక కారప్పూస పొట్లం కొని వాటికి విసిరాడు. సగం పొట్లం అయిపోయాక, నీళ్ళకేసే చూస్తూ మొదలుపెట్టాడు.

“పాపకు వాంతి అయ్యింది. రెండు సార్లు.”

అలివేలుకు మొదట ఏ పాపో కూడా తట్టలేదు.

“మొదటిది తుడిచి, నీకు చెప్దామని ఫోన్ తీసుకున్యా. డ్యూటీలో ఉండావు కదా, రెండు నిమిషాలు చూసి చేద్దామని పక్కన ఒరిగినా. నిద్ర పట్టేసింది. రెండోది నేను చూడను కూడా లా. తెల్లార్తో దుప్పటి చూస్తే తెలిసింది. నువ్వొచ్చే లోపల ఉతికి ఆరేసినా.” పొట్లం మూతి మెలిపెట్టాడు. “నా తప్పు పదకొండేండ్లు నీ నెత్తిన పెట్టి తిరిగినా మే. నువ్వు రోగుల్ని చూసేది మానుకుంటే కూడా నోరు తెరవలా.”

కోపం రావాలి. దానికోసం అలివేలు కాసేపు ఎదురు చూసింది కూడా. రాలేదు. గుండె మీద నుంచి ఎవరో రుబ్బురోలు దింపినట్టయింది. తన చెవి తప్పు వినలేదు. ఒక అలిసిపోయిన మనిషి నిద్రపోయాడు, అంతే. “పోనీలే” అంది. ఆ మాట దానంతటదే వచ్చింది. మునిరత్నం చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత ముక్కు తుడుచుకుని, మిగిలిన కారప్పూస ఇద్దరూ తిన్నారు. పదకొండు గంటలకల్లా అతణ్ణి గదిలో పెట్టి తాళం వేసి, కాగితంలో ‘నడక: ఒక గంట’ అని రాసింది.

శాంటియాగో నుంచి మునిరత్నం నాలుగో రోజు తిరిగొచ్చాడు. అలివేలు సెలవు పెట్టి, గుత్తి వంకాయ వండి, మంచి చీర కట్టుకుని కూర్చుంది. ఇక ఇంట్లో చామంతి పేరు బయటికే ఎత్తుకోవచ్చు, అటక మీది చిన్న పెట్టె దించి పాప గౌన్లు చూసుకోవచ్చు, అనుకుంది. అతను వచ్చాడు, బూట్లు విప్పాడు, “నీళ్ళు కాగినాయా?” అన్నాడు. తిన్నాడు. కూర బాగుందన్నాడు. పడుకున్నాడు.

మొదటి రోజు అలసట అనుకుంది. వారం తర్వాత సిగ్గు అనుకుంది. పెట్టె మాట ఎత్తితే అతను ఎప్పటిలాగే మొహం తిప్పుకుని లేచిపోయాడు. అప్పుడు తేల్చుకుంది: చెప్పినందుకు పశ్చాత్తాపపడుతున్నాడు. చెప్పి, చెప్పనట్టు నటిస్తున్నాడు. నేను క్షమిస్తే ఇదా మర్యాద! ఇక చూసుకోండి, ఆవిడ కూడా మూతి బిగించింది.

‘ఆ రోజు ఒడ్డున ఏమన్నావో గుర్తుందా’ అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. డాక్టరు అయితే అడిగేది. ఆ కుర్చీలో ఆ నెలంతా పెళ్ళాం కూర్చుంది. జనవరిలో ఆవిడ సంతకం పెట్టింది. మడత విమానం మనిషికి ఏ హానీ చెయ్యదనీ, తన పరీక్షలో తేలిందనీ. సాక్ష్యం ఆవిడ ఇంట్లోనే అన్నం తింటూ తిరుగుతోంది. ఆవిడ దాన్ని మొగుడి పొగరు అనుకుంది.

ఫిబ్రవరిలో ప్రయాణికులు ఎక్కడం మొదలైంది. తొమ్మిదో రోజు పొద్దున అలివేలు గదిలో ఫోన్ మోగింది.

“మేడమ్, ఫారం మీద మీ పేరు చూసి చేస్తన్నానండీ. మీరు తెలుగువారేగా?” అవతల ఆడగొంతు, గుంటూరు వైపు యాస. “నా పేరు మేరీ కరుణ. శాంటియాగోలో బళ్ళో లెక్కలు చెప్తానండీ. మా అక్కకు బాగోలేదని ఢిల్లీ వచ్చి, మొన్న శనివారం మీ విమానంలోనే తిరిగొచ్చాను. అక్క నిన్న పోయిందండీ.”

“అయ్యో” అంది అలివేలు.

“శనివారం పొద్దున్నే ఆసుపత్రికెళ్ళి అక్క దగ్గర సాయంత్రం దాకా కూర్చోవాలనుకున్నానండీ. కళ్ళు తెరిచేసరికి శాంటియాగోలో ఉన్నాను. నన్ను అక్కను చూడనివ్వకుండా ఎక్కించేశారేంటని మీ వాళ్ళతో గొడవపెట్టుకున్నాను కూడా. తర్వాత అక్క కొడుకు చెప్పాడు, పిన్నీ నువ్వు ఎనిమిదింటికే వచ్చావు, మూడింటిదాకా ఉన్నావు, తలుపేసుకుని ఇద్దరూ ఒకటే మాటలు, మధ్యలో నవ్వులు కూడా వినపడ్డాయి అని.” ఆమె ఆగింది. “నాకు ఒక్క ముక్క గుర్తు లేదండీ. మీ వాళ్ళన్నట్టు మత్తు మాత్ర వల్లేనా? కొన్నాళ్ళకు గుర్తొస్తదా?”

అలివేలు చెయ్యి కాగితం మీదికి పోయింది. “మీకు చివరిగా ఏం గుర్తుందమ్మా?”

“శుక్రవారం రాత్రి పన్నెండున్నర దాకా మా పిల్లలతో ఫోన్లో మాట్టాడానండీ. అది గుర్తుంది. పడుకుందామని లైటు తీశాను.”

ఒంటిగంట నుంచి సాయంత్రం ఆరు దాకా. పదిహేడు గంటలు.

“మేడమ్, ఉన్నారా? అక్క నాతో ఏం చెప్పిందో ఎవరినడగాలండీ? గదిలో మేమిద్దరమే ఉన్నాం.”

ఆ ప్రశ్నకు ప్రపంచంలో ఎవరి దగ్గరా జవాబు లేదు. అలివేలు “మళ్ళీ చేస్తానమ్మా” అని ఫోన్ పెట్టేసింది. యమున ఒడ్డు కళ్ళముందు కనబడింది. మునిరత్నం నటించలేదు.

పాత కాగితాలన్నీ బల్లమీద పరిచింది. ఎక్కడం మసక, ఎక్కడం మసక, ఎక్కడం మసక. కొత్తగా వేసిన సున్నం ఆరేదాకా చెయ్యి తగిలితే చెరిగిపోతుంది. జ్ఞాపకం కూడా గట్టిపడటానికి ఒక రోజైనా పడుతుందని వైద్యం చదివిన ఆవిడకు తెలియనిదా? ఆ రెప్పపాటు మడత ఆరని జ్ఞాపకాన్ని తుడిచేస్తోంది. వెయ్యి కిలోమీటర్లకు దాదాపు ఒక గంట. ఖాట్మండుకు గంటలోపు, టోక్యోకు ఆరు గంటలు, శాంటియాగోకు పదిహేడు. ఆ గదిలో ఉన్నవాళ్ళకు పోయింది మూడు రోజుల్లో ఒక రోజు, మిగతా రెండింటిలాంటిదే. గుర్తు లేనిచోట అలవాటు వచ్చి కూర్చుని, ఇడ్లీ, రక్తం, నడక, పప్పు అని అప్పజెప్పింది. జబ్బు కనబడకుండా దాచింది ఆవిడ పెట్టిన పద్ధతే. బయటపడ్డ ఒక్కసారీ దాచింది ఆవిడ పంతం.

డైరెక్టర్ గోవర్ధనరావు చెడ్డవాడు కాదు. పదేళ్ళు ఆ విమానం కోసం నిద్రాహారాలు మానుకున్నవాడు.

“అక్క పోయిన దుఃఖంలో ఉందమ్మా ఆవిడ. ఒక్కమనిషి మాట మీద విమానం ఆపమంటారా?”

“ఇంకొకటి ఉందండీ” అని అలివేలు తాళం తీసిన సంగతి చెప్పింది.

ఆయన మునిరత్నం ఫైలు ముందుకు లాక్కున్నాడు. “తీశానని మీరంటారు. లేదని మీ ఆయన అప్పుడే చెప్పాడు, రికార్డు కూడా ఉంది. కమిటీ ఎవరిని నమ్ముతుంది?”

“ఆ రోజు ఆయన నాకొక సంగతి చెప్పాడండీ. అది ఆయనకు తప్ప పుట్టిన నరమానవుడికి తెలియదు. ఇప్పుడు నాకు తెలుసు. చెప్పిన గుర్తు ఆయనకు లేదు. మరి నాకెలా తెలిసింది?”

గోవర్ధనరావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “మీ సంతకం వెనక్కి తీసుకుంటే ఇంకో డాక్టరు పెడతాడు అలివేలు గారూ. ఆపాలంటే ఆయన రాసివ్వాలి. ఆ సంగతేమిటో, అది నిజమని, తను ఎవరికీ చెప్పిన గుర్తు లేదని. నాలుగింటికి నా బల్ల మీద ఉంటే ఈ సాయంత్రం విమానం లేవదు. లేకపోతే నలభై మంది ఎక్కుతారు.”

అప్పటికి ఒంటిగంటన్నర.

మునిరత్నం ఇంట్లోనే ఉన్నాడు. ఊరి నుంచి ఎవరో అనపకాయలు పంపితే, గింజలు నానబెట్టి, వంటింట్లో కింద కూర్చుని పితికిపప్పు కోసం ఒక్కొక్కటీ తోలు వదిలేలా పితుకుతున్నాడు. అలివేలు చెప్పులు కూడా విప్పకుండా వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

“పాపకు ఆ రాత్రి రెండుసార్లు వాంతి అయ్యింది” అంది.

అతని చెయ్యి ఆగిపోయింది.

“మొదటిది తుడిచినావు. ఫోన్ చేతికి తీసుకున్యావు. రెండు నిమిషాలని ఒరిగినావు. రెండోది చూడలా. దుప్పటి ఉతికి ఆరేసినావు.”

దుప్పటి అనేసరికి మునిరత్నం మొహం రంగు పోయింది. “ఎవురు చెప్పినారు నీకు?”

“నువ్వే.”

“నేను చెప్పలా.”

“చెప్పినావు. నువ్వు పోయిన దినం, యమున ఒడ్డున.”

“నేను ఆ గది దాటలేదు మే!”

ఆవిడ మొత్తం చెప్పింది. తాళం, పక్షులు, కారప్పూస, అతను ఏ వైపు కూర్చున్నాడు, ఎక్కడ పొట్లం మూతి మెలిపెట్టాడు. కరుణ సంగతి చెప్పింది, పదిహేడు గంటల సంగతి చెప్పింది. అతను ఎవరో చుట్టాల ఇంటి కబురు వింటున్నట్టు విన్నాడు. అన్నీ అయ్యాక, తడి చేతులు పంచెకు తుడుచుకుని అడిగాడు.

“నేను చెప్తే, నువ్వేమన్నావు?”

“పోనీలే అన్నా.”

“అంతేనా? పదకొండేండ్లు నేను వణికి సచ్చింది ఆ ఒక్క మాటకా?”

అలివేలు కింద పడ్డ గింజ ఒకటి తీసి నీళ్ళలో వేసింది.

“మరి నేనేం చేసినా?”

“ఏడ్చినావు. ఆనక నిమ్మళంగా కూసున్యావు. నీ మొగంలో అంత నిమ్మళం నేను ఎప్పుడూ చూళ్ళా.”

“అది నాకు లేకుండా పాయనే” అన్నాడు మునిరత్నం. “దిగి వచ్చినప్పటి నుంచి నువ్వు మూతి ముడుచుకోని ఉంటే, నీకేదో అనుమానం వచ్చిందని దినాము భయపడతా ఉండా. ఇంగా దాస్తా ఉండా.”

రెండు నెలలు. క్షమాపణ దొరికిన మనిషి, దొరికిందని తెలియక, అదే ఇంట్లో అదే భయంతో తిరిగాడు. అడిగి ఉంటే ఆ రోజే తెలిసేది. కరుణకు తన అక్క మాటలు మిగిలేవి. అలివేలుకు మొదటిసారి ఏడుపొచ్చింది. కానీ గోడ మీద గడియారం రెండున్నర చూపిస్తోంది. సంచిలోంచి కాగితం తీసి అతని ముందు పెట్టింది.

“ఇదంతా రాయాల. నీ చేత్తో.”

“అందురూ చదువుతారు.”

“చదువుతారు.”

“మీ నాయినకూ తెలుస్తాది. మా అమ్మకూ.”

“తెలుస్తాది. రాయకపోతే ఈ సాయంత్రం నలభై మంది ఎక్కుతారు. ఎవురు ఎవురి దగ్గర కూసోని వస్తా ఉండారో మనకు తెలీదు.”

అతను కలం అందుకున్నాడు. నీళ్ళలో గింజలు అలాగే ఉన్నాయి. తర్వాత రాశాడు. పాప పేరు దగ్గర ఒకసారి ఆగాడు. ‘నేను నిద్రపోయాను’ అన్న వాక్యం దగ్గర ఇంకోసారి ఆగాడు. ‘దుప్పటి నేనే ఉతికాను. ఈ సంగతి ఎవరికీ చెప్పిన గుర్తు నాకు లేదు. నా భార్య చెప్పేదంతా నిజం’ అని ముగించి సంతకం చేశాడు. కాగితం ఇస్తూ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

“ఇంగొక్కసారి అను మే. ఆ మాట.”

అలివేలు నోరు తెరిచింది. ఆ పొద్దున ఆ మాట అడక్కుండానే వచ్చింది. దాని మీద ఇప్పుడు రెండు నెలల పంతం ఉంది, కరుణ అక్క పోయిన మంచం ఉంది. అతన్ని క్షమించాలంటే ముందు తనను తాను క్షమించుకోవాలి, అది చేతకావడం లేదు. ఊరికే పెదవులతో అనేస్తే అతనికి తెలిసిపోతుంది.

“విమానం ఆపేసి వస్తా” అని చెయ్యి విడిపించుకుంది.

ఆ సాయంత్రం విమానం లేవలేదు. తర్వాత మరెప్పుడూ లేవలేదు. నలభై మంది ప్రయాణం పాడైందని పరిశోధనాలయాన్ని బండబూతులు తిట్టుకుంటూ, పెట్టెలు ఈడ్చుకుంటూ బయటికి పోయారు. వాళ్ళ రోజు వాళ్ళకు మిగిలింది. అలివేలు గోవర్ధనరావు గదిలోంచే శాంటియాగోకి ఫోన్ చేసి, గుర్తు రాదమ్మా, ఎప్పటికీ రాదు, తప్పు నాది, అని చెప్పింది. కరుణ తిట్టలేదు. “నవ్వామని మావాడు అన్నాడుగా, అదే చాల్లెండి” అంది. తిట్టినా బాగుండేది.

ఇంటికి వెళ్ళేసరికి మునిరత్నం పితికిపప్పు కూర చేసి, రెండు కంచాలు పెట్టి, తినకుండా కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ తిన్నారు. అతను మళ్ళీ అడగలేదు. అలివేలు మాత్రం ప్రతి ముద్దకూ ఆ మాట కోసం లోపల వెతుక్కుంది.

“కూర బాగుంది” అంది చివరికి. ఆ పూట ఆవిడకు దొరికింది ఆ మాటే.